నాంపల్లిలో పళ్ళెం, అబిడ్స్‌లో ముల్లు

రికార్డు ప్లేయరును ఒళ్ళో పెట్టుకుని హైదరాబాదు దాకా ఎందుకు వెళ్ళావని మా తెనాలిలో ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. వాళ్ళలో సగంమంది ఆ రోజు సభలో నవ్వినవాళ్ళే. కనక ముందు ఆ సంగతి చెప్పి తర్వాత రైలెక్కుతాను.

మా ఆవిడ సుభద్ర పెళ్ళికి ముందు గురువు దగ్గర నేర్చుకున్నవి నాలుగు కృతులు. తక్కినదంతా రికార్డు ప్లేట్లు విని నేర్చుకున్నదే. దానికోసమే బెజవాడలో ఒక దుకాణంలో ఆ మిషను కొన్నాను. ఒక లాంగ్‌ప్లే రికార్డులో మోహన రాగ కృతి ఉంది. దాన్ని ఆరు నెలలు సాధన చేసి, వేసవిలో మా ఊరి సంగీత సభలో పాడింది. పల్లవిలో ఒకచోట గాంధారం మీద చాలాసేపు నిలవాలి. నిలిచింది. ముందు వరసలో కూర్చున్న పెద్ద విద్వాంసుడొకాయన చప్పట్లు ఆగేదాకా ఓపికపట్టి, "బాగుందమ్మా. కానీ గాంధారానికి ఊయల కట్టావేం? పడుకోబెడదామనా?" అన్నాడు. హాలంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకు వరసలవారీగా గుర్తుంది.

మర్నాడు సుభద్ర ఆ ప్లేటు పెట్టుకుని పదిసార్లు విన్నది. "ప్లేట్లోనూ ఊగుతూనే ఉందండీ. అది గమకం, కావాలనే ఊపారు అనుకుని నేర్చుకున్నాను" అంది.

"అయితే ఆయనకే చెవుడు."

"ఆయనకు చెవుడు లేదు. మిషనయినా ఊగుతూ ఉండాలి, నా చెవయినా ఊగుతూ ఉండాలి. ఏదో తేలేదాకా నేను పాడను."

అన్నంత పనీ చేసింది. మంగళహారతి కూడా మానేసింది. నేను బెజవాడ దుకాణానికి మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి ప్లేటు మంచిది కాదన్నాడు. రెండోసారి మా ఊరి కరెంటు మంచిది కాదన్నాడు. మూడోసారి ముల్లున్న కడ్డీ నెత్తిన ఒక పావలా బిళ్ళ అంటించి, "ఇక కదలదు, వెళ్ళండి" అన్నాడు. మూడుసార్లలో ఒక్కసారి కూడా కూర్చోమనలేదు.

హైదరాబాదు నుంచి బదిలీమీద వచ్చిన మా పోస్టాఫీసు గుమాస్తా ఈ కథంతా విని, అక్కడ ఇద్దరు అన్నదమ్ములున్నారని చెప్పాడు. ఒకప్పుడు కలిసి రికార్డు ప్లేయర్లు తయారు చేసేవారట. ఇప్పుడు విడిపోయారట. అన్న విఠల్‌రావు నాంపల్లిలో ఉండి తిరిగే పళ్ళెం పని మాత్రమే చేస్తాడు. తమ్ముడు కిషన్‌రావు అబిడ్స్‌లో ఉండి ముల్లున్న కడ్డీ పని మాత్రమే చేస్తాడు. ఒకరి దగ్గర రెండోవారి పేరెత్తకూడదు. దసరా సెలవుల్లో, ఇంట్లో పూజ కాగానే బయల్దేరాం.

ఇలాంటి మిషనును తీసుకెళ్ళేవాళ్ళకు ఒక మాట. పళ్ళేన్ని పైకి లాగి తీసి, విడిగా దుప్పట్లో చుట్టండి. కడ్డీని దాని ఆనుడుకు మెత్తటి గుడ్డపీలికతో కట్టండి. ముల్లుకు అగ్గిపెట్టె తొడిగితే చాలు. పెట్టెను సీటు కింద మాత్రం పెట్టొద్దు. రైలు అదురంతా దానికే తగులుతుంది.

బెజవాడలో పొద్దున్నే ఎక్కాం. మూడో తరగతి. కిటికీ పక్క సీటు దొరికింది గానీ ఎదురుగా కూర్చున్న మిరపకాయల వర్తకుడు ఖమ్మం దాకా నన్ను వదల్లేదు. "వినాయకుణ్ణి నిమజ్జనానికి తీసుకెళ్తున్నారా మాస్టారూ? ఆలస్యమైందే!" అన్నాడు. నేను పెట్టెను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. సుభద్ర మాత్రం నవ్వింది. నాలుగు నెలల్లో నేను చూసిన మొదటి నవ్వు అదే కావడంతో అతన్ని క్షమించాను.

డోర్నకల్లులో ఇడ్లీలు బాగున్నాయి. చట్నీ నీళ్ళగా ఉంది. ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నం వరంగల్లు దాటాక విప్పాం. అక్కడ ఎక్కిన ఒక పెద్దావిడ, పూలచీర కట్టుకుని నోట్లో వక్కపలుకు వేసుకున్నావిడ, నా ఒళ్ళోకి చూసి, "ఏందయ్యా, పసిపోరన్ని పట్టుకున్నట్టు గట్ల పట్టుకున్నవ్? జర కింద పెట్టుకోని బువ్వ తిను" అంది. పెట్టనన్నాను. "మొండోడు" అని సుభద్రతో చెప్పి, నేను తినేదాకా పెట్టెను తన ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ పేరు అడగలేదు. అడగాల్సింది.

చీకటిపడే వేళకు నాంపల్లి స్టేషన్లో దిగాం. ఎదురుగా ఉన్న సందులో లాడ్జీ. కింది గది అడిగితే ఖాళీ లేదని రెండో అంతస్తు ఇచ్చాడు లాడ్జీ గుమాస్తా. మా వెనకే వచ్చినవాళ్ళకు కింది గది ఇచ్చాడు. అడిగితే, "గది జర తడి ఉంది సార్, మీ ఎంట అమ్మగారున్నరని ఇయ్యలే" అన్నాడు. నిజమో అబద్ధమో గానీ మా గది పొడిగానే ఉంది, పక్కలు శుభ్రంగా ఉన్నాయి, మర్నాడు స్నానానికి వేడినీళ్ళు అడక్కుండానే పంపాడు. ఆ ఊరు వెళ్ళేవాళ్ళు స్టేషను ఎదుట దిగడమే మేలు. అక్కణ్ణుంచి అబిడ్స్ కూడా నడిచిపోయేంత దూరమే.

శుక్రవారం ఉదయం ఇరానీ హోటల్లో చాయ్ తాగి, బిస్కెట్లు తిని విఠల్‌రావు కార్ఖానా వెతుక్కుంటూ వెళ్ళాం. స్టేషన్ రోడ్డు నుంచి ఎడమకు తిరిగితే, మంచాల నవారు అమ్మే కొట్టు పక్క రేకుల షెడ్డు. లోపల లోహాన్ని తిప్పుతూ చెక్కే లేతు మిషను ఒకటే. దాని ముందు స్టూలు మీద, తెల్ల లాల్చీ మాయకుండా ముందు తోలుముక్క కట్టుకుని లావుపాటి మనిషి. నేను నమస్కారం పెట్టి, సభ సంగతి, దుకాణం సంగతి, పావలా సంగతి అన్నీ మొదలుపెట్టాను.

"ఆగుండ్రి, ఆగుండ్రి" అన్నాడాయన. "ఊగుతున్నది ఏంది, మొత్తం పాటనా, లాగినకాడనా?"

జవాబు సుభద్ర చెప్పింది. "నిలిచిన చోట తెలుస్తుందండీ. వేగంగా పోయేచోట తెలియదు. ఒక ఊపు, మళ్ళీ ఒక ఊపు. తాళం వేసినట్టు సమానంగా ఉంటుంది."

ఆయన స్టూలు మీద నుంచి దిగి, దాన్ని ఆవిడ వైపు జరిపాడు. "కూసోమ్మా. ఇరవై ఏండ్ల సంది గీ పని చేస్తున్న, గింత సాఫ్‌గ జెప్పినోళ్ళు లేరు. పళ్ళెం ఒక్క చుట్టు తిరిగితే ఒక్క ఊపు. అంతే గద?"

ఆ క్షణం నుంచి ఆయనకు నేను కనపడలేదు. నాకేమీ కష్టం తోచలేదు.

పళ్ళేన్ని దుప్పట్లోంచి తీసి చూశాడు. అంచున దసరా పూజనాడు సుభద్ర పెట్టిన కుంకుమబొట్టు అలాగే ఉంది. విఠల్‌రావు చెయ్యి ఆగిపోయింది. "గిది నేను తుడవ. అమ్మా, నువ్వే తుడువు. లేతు మీద ఎక్కిస్తె కుంకమ ఎగురుతది." సుభద్ర కొంగుతో తుడిచింది. ఆయన చెంపలు వేసుకుని పని మొదలుపెట్టాడు.

పళ్ళేన్ని దాని ఇరుసుతో సహా లేతుకు బిగించి, అంచుకు ఒక గడియారంలాంటి పరికరాన్ని ఆనించాడు. పళ్ళేన్ని వేలితో నెమ్మదిగా తిప్పితే, అంచు ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ పరికరం ముల్లు పైకి, ఎక్కడ పల్లంగా ఉంటే అక్కడ కిందికి పోతుంది. కంటికి గుండ్రంగా కనిపించే ఆ పళ్ళెం మీద ముల్లు అటూ ఇటూ ఈదింది. మాకు వివరించి చెప్పాడు. మోటారు తిప్పే రబ్బరు చక్రం పళ్ళెం అంచు లోపలి వైపు ఆని దాన్ని తిప్పుతుందట. ఆ అంచు నిజమైన గుండ్రం కాకపోతే, ప్రతి చుట్టులో ఒకసారి వేగం తగ్గి ఒకసారి పెరుగుతుంది. వేగం తగ్గితే స్వరం దిగుతుంది, పెరిగితే ఎక్కుతుంది.

"ఎంత తేడా ఉంది?" అన్నాను.

"ఇద్దరు మనుషుల నెత్తివెంట్రుకలంత. నీది ఒకటి, అమ్మది ఒకటి. నీ నెత్తిమీద దొరుకుతెనే అనుకో." ఆయన నా బట్టతల చూసి అన్న మాట అది. సుభద్ర రెండోసారి నవ్వింది.

మధ్యాహ్నం దాకా పట్టింది. ఇరుసు తిరిగే ఇత్తడి గొట్టం ఒక పక్క అరిగి ఉంటే కొత్తది చేసి దించాడు. తర్వాత అంచు లోపల, పొగలాంటి రజను రాలేంత సన్నగా, మూడుసార్లు చెక్కాడు. ప్రతిసారీ ఆగి, చల్లారనిచ్చి, మళ్ళీ ముల్లు ఆనించి చూశాడు. "ఉడుకు మీద కొలిస్తె అబద్ధం జెప్తది" అన్నాడు. చివరిసారి పళ్ళెం తిప్పితే పరికరం ముల్లు కదల్లేదు. దగ్గరికి వంగి చూశాను. కదల్లేదు. నాకు బెజవాడ దుకాణదారుణ్ణి అక్కడికి రెక్కపట్టుకుని తీసుకొచ్చి చూపించాలనిపించింది.

"ఇప్పుడు పాట పెట్టి వింటామా?" అంది సుభద్ర ఆత్రంగా.

విఠల్‌రావు ముఖం మారింది. "గీడ వినరాదు. చెయ్యి సక్కగ లేదు. దాన్ని సక్కజేసెటోడు అబిడ్స్‌ల ఉన్నడు. నేను పేరు జెప్ప." కడ్డీని వాళ్ళు చెయ్యి అంటారు. లేతు తుడుస్తూ తనే అన్నాడు. "ఒక గిరాకీ ఖర్‌ఖర్ అంటున్నదని వాపస్ తెచ్చిండు. నేను చెయ్యి తప్పన్న. వాడు పళ్ళెం తప్పన్నడు. ఎనిమిదేండ్లాయె. తప్పు ఎవరిదో ఇప్పటిదాంక తెల్వదు."

నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఒక పెళ్ళిలో నన్ను ఆఖరి బంతిలో కూర్చోబెట్టినందుకు మా పెదనాన్న కొడుకు గుమ్మం నేను ఇంతవరకూ తొక్కలేదు. పట్టింపు అంటే ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు.

శనివారం పదింటికి అబిడ్స్‌కు నడిచాం. రిక్షావాడు వెంటపడ్డాడు గానీ, కొత్తగా చెక్కిన పళ్ళేన్ని గతుకుల్లో ఎక్కించడం నాకిష్టం లేదు. పెద్ద పోస్టాఫీసు దాటాక బట్టల దుకాణాల వరసలో ఒక మేడ. మెట్లెక్కితే కిషన్‌రావు గది. అన్నకు పూర్తిగా వేరే మనిషి. సన్నగా, తల నున్నగా దువ్వి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోడనిండా విదేశీ మిషన్ల బొమ్మలు అంటించుకుని ఉన్నాడు. గది తలుపు తెరవగానే, "చెప్పులు ఆడ్నే! దుమ్ము నా దుష్మన్" అన్నాడు. చెప్పులు విప్పమనడం నాకేమీ తప్పుగా తోచలేదు. కానీ అలా అరవనక్కర్లేదు.

మూత తీయగానే ఆయన కంటికి ఆనింది పావలా. "ఎవరు పెట్టిన్రు గిది? హుండీ అనుకున్నరా?" దాన్ని గోటితో పెరికి నా చేతిలో పెట్టాడు. "సారు, ముల్లు అంటె నాగలి కాదు. ప్లేటు మీది గీత ఎంత నాజూకు ఉంటదో తెల్సునా? పావలా బరువు పెడితె దున్నుకుంట పోతది. పాటతో పాటు ప్లేటు గూడ అరుగుతది."

"మేము పెట్టలేదు. దుకాణంవాడు పెట్టాడు. వాడి పేరు కూడా చెప్పగలను."

"నాకెందుకు సారు వాని పేరు, నేనేమన్న పోలీసునా?"

ఆయన చేసినదంతా ఒక గంటసేపు పట్టింది. చదివేవాళ్ళకు పనికొస్తుందని క్రమంగా చెబుతున్నాను. ముందు మిషను కింద బిళ్ళలు సర్ది, గాజుగొట్టంలో నీటిబుడగ మధ్యకు వచ్చేదాకా మట్టం చేశాడు. తర్వాత కడ్డీ వెనక బరువును తిప్పుతూ తిప్పుతూ, కడ్డీ త్రాసుకాడలాగా గాలిలో తేలేట్టు చేశాడు. ఊదితే లేస్తుంది, వదిలితే మళ్ళీ అడ్డంగా నిలుస్తుంది. అప్పుడు బరువును రవ్వంత ముందుకు జరిపాడు. ముల్లు ప్లేటు మీద ఆనడానికి ఆ రవ్వంత భారం చాలునట. ముల్లు కింద చిన్న అద్దం పెట్టి, ముల్లూ అద్దంలో దాని నీడా ఒకే గీతగా నిలిచేదాకా కడ్డీ తలను సరిచేశాడు. చివరికి గీతలు గీసిన అట్టముక్కను పళ్ళెం మీద పరిచి, ప్లేటు మొదట్లోనూ, చివర్లోనూ ముల్లు గాడికి సూటిగా ఉందో లేదో చూసి, రెండు మరలు బిగించాడు. బిగిస్తూ ఈల వేశాడు. ఈల శ్రుతిలోనే ఉంది.

పళ్ళెం తిప్పి వేలితో అంచు తడిమాడు. అదే చోట మళ్ళీ తడిమాడు. ఎవరు చెక్కారో ఆయనకు తెలిసిందని మాకు తెలిసింది.

ప్లేటు పెట్టాం. సుభద్ర నేలమీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నేను కిటికీ వైపు తిరిగాను. కింద రెండంతస్తుల బస్సొకటి మలుపు తిరుగుతోంది. మిషను తప్పు లేదని తేలితే ఈవిడ ఇక జన్మలో నోరెత్తదు. మేము హైదరాబాదుకు ఎందుకొచ్చామో ఆ నిమిషంలోనే నాకు పూర్తిగా అర్థమై, రాకుండా ఉండాల్సిందనిపించింది.

పాట మొదలైంది. "తంబురా!" అంది సుభద్ర. ఇన్నాళ్ళూ గరగరలో మునిగిపోయిన తంబురా ఆ గదంతా నిండింది. పల్లవి వచ్చింది. గాంధారం వచ్చింది.

నిలిచింది. దీపం గాలిలేని గదిలో నిలిచినట్టు నిలిచింది.

సుభద్ర కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. "మిషనేనండీ" అంది. "నా చెవి కాదు."

అంతలో ఆ గాంధారం చివర్న స్వరం కొంచెం కదిలి దిగింది. కిషన్‌రావు చటుక్కున లేచాడు. "సూస్తిరా! ఇంక ఉన్నది. చెయ్యి తప్పు లేదు, నేను ఒట్టేసి చెప్త. పళ్ళెంలనే ఉన్నది. గా నాంపల్లి ఆయన పని ఎప్పటికి గింతే…"

"కాదండీ" అంది సుభద్ర. నాలుగు నెలలుగా ఎవరిముందూ గొంతెత్తని మనిషి ఆయన మాటకు అడ్డం వచ్చింది. "మళ్ళీ పెట్టండి."

పెట్టాడు. ఆ చోటు రాగానే ఆవిడ వేలెత్తి చూపించింది. "వినండి. పళ్ళెం తప్పయితే తంబురా కూడా కదలాలి. తంబురా నిలిచే ఉంది. గొంతొక్కటే కదిలింది. ప్లేట్లో పాడినావిడ పంచమాన్ని అంటీ అంటనట్టు తాకి దిగుతోంది. అది గమకం. అసలైనది. ఇన్నాళ్ళూ ఊపులో నాకది వినపడనే లేదు."

మూడోసారి ఆయనే అడక్కుండా పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. గాంధారం దాటాక ముల్లు ఎత్తాడు. గుడ్డతో పళ్ళెం అంచు తుడిచాడు, అక్కడ దుమ్మేమీ లేకపోయినా.

"ఔ" అన్నాడు. "పళ్ళెం మంచిగున్నది."

మిషను కట్టించుకుని మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచాడు. "సారు! మీరు నాంపల్లి తోవనే పోతరు గద. ఆయన కనపడితె… కనపడితేనే… పళ్ళెం మంచిగ కుదిరిందని కిషన్ అన్నడని చెప్పుండ్రి. తొవ్వల పడితెనే."

దారిలో పడదు. నవారు కొట్టు సందులోకి వంద గజాలు లోపలికి పోవాలి. ఇలాంటి రాయబారాలు నేను ఎవరికీ చెయ్యను. మా ఇంట్లో వాటికి చెయ్యిపెట్టినవాళ్ళ గతి నాకు తెలుసు. కానీ సుభద్ర అప్పటికే ఆ సందులోకి తిరిగింది.

విఠల్‌రావు లేతు ఆపి విన్నాడు. "వాడన్నడా? కిషన్ అన్నడా? పేరు వెట్టి చెప్పిండా?" సుభద్ర అవునంది. ఆయన తోలు విప్పి, లాల్చీ దులుపుకుని, మళ్ళీ తోలు కట్టుకున్నాడు. "పాట ఎట్లొచ్చింది?" అన్నాడు.

"చెయ్యి చాలా బాగా పెట్టారండీ ఆయన" అంది సుభద్ర.

"పెడతడు. చిన్నగున్నప్పుడు నేనే నేర్పిన" అన్నాడు. తర్వాత పక్కకు తిరిగి, షెడ్డు వెనకున్న ఇంట్లోంచి కుంకుమ తెప్పించి, పళ్ళెం అంచున తనే ఒక బొట్టు పెట్టాడు. మధ్యాహ్నం మమ్మల్ని భోజనం చెయ్యకుండా కదలనివ్వలేదు. జొన్నరొట్టెలు, పప్పు. ఆ రొట్టెల రుచి గురించి ఫిర్యాదు చెయ్యడానికి నాకేమీ దొరకలేదు. సాయంత్రం నేను స్టేషన్‌కు టికెట్లకు వెళ్తూ చూస్తే షెడ్డుకు తాళం ఉంది. వేళకు ముందే మూసి ఎటు వెళ్ళాడో నేను అడగలేదు.

ఆదివారం పొద్దున బండి నాంపల్లిలోనే బయల్దేరుతుంది కనక సీట్లకు ఇబ్బంది లేదు. సికింద్రాబాదులో జనం ఎక్కారు. కాజీపేట దాటేదాకా సుభద్ర కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆ కృతి మొదటినుంచీ మళ్ళీ నేర్చుకోవాలని, ఆరు నెలలు పడుతుందని చెప్పింది. పట్టనీ అన్నాను. తర్వాత పెదవులు కదిలాయి. తర్వాత చాలా మెల్లగా గొంతు వచ్చింది.

ఎదుటి బెంచీ మీద సైకిలు టైర్లు కట్టగట్టుకుని కూర్చున్న ఆయన, "ఏందమ్మా, లోపల్లోపల పాడుకుంటున్నవ్? మేం టికెట్ కొనలేదా? జర జోరుగ పాడు" అన్నాడు. బెంచీ మీద అందరూ నవ్వారు. ఆ నవ్వులో నాకు గుర్తుపెట్టుకోవాల్సిందేమీ కనిపించలేదు.

సుభద్ర నావైపు చూసింది. నేను పెట్టెను గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ పాడింది.

ఈ ప్రయాణం చెయ్యదలచినవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. నాంపల్లిలో ఒకరు, అబిడ్స్‌లో ఒకరు, రైల్లో పేరు తెలియని కొందరు, మాకేమీ కానివాళ్ళు, మా సామాను తమ సామానులా పట్టుకున్నారు. ఇంతమందికి ఋణపడి ఇంటికి రావడం నాకు అలవాటు లేని పని. మానుకోట దాటాక పట్టాల మీద బండి బాగా ఊగింది. కిటికీ రేకులు, పైన వేలాడే సంచులు, టైర్ల కట్ట, మేము, అందరం ఊగాం. గాంధారం వచ్చింది. అది మాత్రం కదల్లేదు.